ఇంటి సంగతి తెలిసిన డాక్టరు

కుటుంబ వైద్యం గురించి మాట్లాడమని గ్రంథాలయం వారు అడిగారు. పలాస, కాశీబుగ్గల్లో చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి కాబట్టి, మన ఊళ్ళో చూసిన సంగతులే ఎక్కువ చెబుతాను.

ఇప్పుడు పెద్ద డాక్టరును చూడటం వెనకటంత కష్టం కాదు. రైలెక్కితే విశాఖ. మోకాలికి ఒకరు, గుండెకు ఒకరు, షుగరుకు ఒకరు. ఎవరి పని వారు బాగానే చేస్తారు. కానీ ఆ చీటీలన్నీ కలిపి చూసేదెవరు? గుండె డాక్టరు బీపీ తగ్గడానికి బిళ్ళ రాస్తాడు. మోకాలి నొప్పికి ఇంకొకరు రాసిన బిళ్ళ అదే బీపీని పెంచుతుంది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, ఒకరి చీటీ ఇంకొకరికి కనపడలేదు. ఆ రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టుకుని, వాటిని తెచ్చిన మనిషిని కూడా చూడటం కుటుంబ వైద్యుడి పని.

జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్ళే ఒకావిడ సంగతి చెబుతాను. యాభై దాటిన మనిషి. షుగరుకు ఇన్సులిన్ వేసుకుంటోంది. మోతాదు పెంచుకుంటూ పోయారు గానీ షుగరు దిగలేదు. నా దగ్గరకు వచ్చినప్పుడు ముందు ఆవిడ చేతులు చూశాను. పిక్కలోని జీడి తగిలి వేళ్ళు నల్లబడి, అక్కడక్కడ చర్మం ఊడి ఉంది. "ఈ వేళ్ళతో సూది ఎలా పట్టుకుంటున్నావమ్మా?" అని అడిగాను. మాట అక్కడ మొదలైంది. సూది తనే వేసుకుంటుంది. మందు సీసా మాత్రం ఇంట్లో ఉండదు. ఫ్రిజ్ లేదు, అందుకని పక్కింటివారి ఫ్రిజ్‌లో పెట్టింది. అందులో ఎక్కడ పెట్టావంటే, "పైన, అయిసు గట్టే కాడ బాబూ" అంది. ఇన్సులిన్ ఒక్కసారి గడ్డకట్టిందంటే పాడైనట్టే. కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా దాన్ని నమ్మకూడదు. పైగా రాత్రి సూది చాలా రోజులు వేసుకోవడమే లేదు. "రెండుపూటలా ఆళ్ళ గుమ్మం ఎక్కాలంటే సిగ్గేస్తాది బాబూ" అంది.

తరవాత చేసింది చిన్న పనే. ఒక పెద్ద మట్టికుండ, అందులో తడి ఇసుక, ఇసుకలో చిన్న ముంత, ముంతలో సీసా. నీడపట్టున పెట్టి రోజూ ఇసుక తడపాలి. కొత్త సీసా తెప్పించి మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాం. ఇది మరవకూడని మాట. పాడైన మందు మీద పెంచుకుంటూ పోయిన మోతాదును మంచి మందుతో ఇస్తే షుగరు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. కొన్ని నెలలకు ఆవిడ షుగరు అదుపులోకి వచ్చింది. రక్తపరీక్ష ఎన్నిసార్లు చేయించినా పక్కింటి ఫ్రిజ్ సంగతి ఆ కాగితం మీద రాదు. అడగాలి, చెప్పేదాకా ఆగాలి.

వినడం మర్యాద కోసం చేసేది అనుకుంటారు కొందరు. అది పరీక్షలన్నిటిలో మొదటి పరీక్ష. 1975లో బ్రిటన్‌లో హాంప్టన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఓపీకి కొత్తగా వచ్చిన 80 మందిని తీసుకుని లెక్క చూశారు. ఇంటి డాక్టరు రాసిచ్చిన ఉత్తరం చదివి, రోగి చెప్పింది విన్నాక అనుకున్న జబ్బే 66 మందిలో చివరికి ఖాయమైంది. ఒళ్ళు పరీక్షించడం ఉపయోగపడింది ఏడుగురిలో, ల్యాబ్ పరీక్షలు ఉపయోగపడింది మరో ఏడుగురిలో. అప్పటికి ఇన్ని స్కానింగులు లేవు, నిజమే. అయినా ఏ స్కాను తీయించాలో చెప్పేది ఇవాళ కూడా రోగి మాటే కదా. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 1984లో ప్రచురించిన అధ్యయనంలో, రోగి నోరు తెరిచిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుతగులుతున్నాడని తేలింది. అడ్డుతగలకపోతే గంటలు గంటలు చెబుతారా? 2002లో వచ్చిన ఒక స్విస్ అధ్యయనంలో, తమంతట తాము ముగించేదాకా ఊరుకుంటే రోగులు మాట్లాడింది సగటున 92 సెకన్లు. ఒకటిన్నర నిమిషం!

మన ఓపీల ముందు వరస చూస్తే ఆ ఒకటిన్నర నిమిషమూ బరువే, ఒప్పుకుంటాను. ఎప్పుడూ ఒకే డాక్టరు దగ్గరకు వెళ్ళడం వల్ల వచ్చే లాభం ఇక్కడే ఉంది. మీ నాన్నకు పక్షవాతం వచ్చిందని, మీ అబ్బాయి గల్ఫ్‌లో ఉన్నాడని, ఫలానా బిళ్ళ మీకు పడదని తెలిసినవాడికి ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకోనక్కర్లేదు. నార్వేలో దాదాపు ప్రతి పౌరుడికీ పేరు పెట్టి ఒక డాక్టరు ఉంటాడు. అక్కడ సుమారు 45 లక్షల మంది రికార్డులు పరిశీలించి 2022లో ఒక వ్యాసం ప్రచురించారు. ఏడాదిగా ఒక డాక్టరును చూస్తున్నవారితో పోలిస్తే, 15 ఏళ్ళు దాటి ఒకే డాక్టరు దగ్గర ఉన్నవారిలో అత్యవసరంగా ఆస్పత్రిలో చేరే అవకాశమూ, చనిపోయే అవకాశమూ దాదాపు పావువంతు తక్కువ. అది ఆ డాక్టరు వల్లనే అని గట్టిగా అనలేం. కానీ కలిసి గడిపిన ఏళ్ళు పెరిగేకొద్దీ తేడా కూడా పెరిగింది. నేను దాన్ని తేలిగ్గా తీసుకోను.

ఇక మన ఉద్దానం ప్రాంతం సంగతి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... కిడ్నీ జబ్బు ఎవరింట్లోనూ లేదు అనగలిగే వీధి ఎన్ని ఊళ్ళలో ఉంది? కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో మన పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి మొదలయ్యాయి, సంతోషం. కారణం తేలేదాకా తెలిసిన హానినైనా ఆపాలి కదా. తెలిసిన హాని నొప్పుల బిళ్ళ. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగ్గా తాగని మనిషి సాయంత్రం డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళ వేసుకుంటే కిడ్నీలకు వెళ్ళే రక్తం ఇంకా తగ్గుతుంది. రోజూ వేసుకుంటే అడిగేదేముంది?

వేసుకోవద్దని చెప్పి పంపేయడం నాకు సులువు. ఆ మనిషి రేపు పొద్దున్నే పనిలోకి వెళ్ళాలి. అందుకే ఎలా కూర్చుని పిక్కలు కొడతావు, పీట ఎంత ఎత్తు, మధ్యాహ్నం ఏం తింటావు, నీళ్ళు ఎన్ని తాగుతావు అని అడుగుతాను. పనిచోట మరుగుదొడ్డి లేదని పొద్దున్నుంచి చుక్క నీరు ముట్టని ఆడవాళ్ళున్నారు. అలాంటి చోట యజమానితో డాక్టరు ఒక మాట మాట్లాడితే అదీ వైద్యమే. పీట మార్చి, కాపడం పెట్టి, పారాసిటమాల్ ఎంతవరకు వేసుకోవచ్చో చెబితే చాలామందికి ఆ డైక్లోఫెనాక్ బిళ్ళ అవసరమే రాదు.

కిడ్నీ జబ్బూ బీపీ రెండూ చప్పుడు లేకుండా వస్తాయి, అందుకే ముందే కొలిచి చూడాలి. వేల్స్ దేశంలో గ్లిన్‌కారగ్ అనే ఒకప్పటి బొగ్గుగని ఊరుంది. అక్కడ 1960లలో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు, జలుబుకు వచ్చినా, కాలి పుండుకు వచ్చినా, ఊరందరి బీపీ కొలిచి రాసిపెట్టాడు. ఏళ్ళ తరబడి వెంటపడి వైద్యం చేశాడు. చివరికి పక్క ఊరితో పోల్చి చూస్తే అక్కడ 65 ఏళ్ళలోపు మరణాలు తక్కువని తేలింది. గనిలో పనిచేసే బీదవారి ఊరది. అక్కడ చేయగలిగింది మందసలో చేయలేమా?

మనసు మాట కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి తోటలను, జీడి తోటలను పడగొట్టింది. ఆ తరవాతి నెలల్లో గుండెదడ, నిద్రలేమి, కాళ్ళ పీకులు అంటూ చాలామంది వచ్చారు. ఈసీజీ తీస్తే బాగానే ఉండేది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్ళు పడుతుంది, అప్పటిదాకా అప్పు ఎలా తీరుతుంది? ఆ దిగులు మన దగ్గర దిగులు పేరుతో రాదు, ఒళ్ళు నొప్పుల పేరుతో వస్తుంది. జబ్బును చూసేటప్పుడు శరీరంతో పాటు మనసునూ, బతుకునూ కలిపి చూడాలని అమెరికన్ వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లో సైన్స్ పత్రికలో వాదించాడు. మన తోటల్లో పడిన చెట్లు చూసినవారికి ఆ వాదన వేరే చెప్పనక్కర్లేదు. అలా వచ్చినవారిని "మీకేం లేదు, పొండి" అనడం అన్యాయం. ఉంది. దానికి వైద్యమూ ఉంది.

ఒక హెచ్చరిక. మనిషిని మొత్తంగా చూడటమంటే పరీక్షలు వద్దనడం, ఇన్సులిన్ మాన్పించి పసర్లు తాగించడం అనుకోకండి. ఛాతీలో పట్టేసినట్టు నొప్పి, చెమటలు. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం. ఇలాంటివి వస్తే నా దగ్గర కూర్చుని కబుర్లు చెప్పే వేళ కాదు. వెంటనే 108కి ఫోను చేసి పెద్దాస్పత్రికి వెళ్ళండి.

మిగతా రోజుల్లో మాత్రం ఒక డాక్టరును ఎంచుకుని ఆయన దగ్గరే ఉండండి. ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ, కొట్లో కొన్నవీ, నాటుమందులూ, పక్కింటావిడ ఇచ్చినవీ అన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. మానేసినవి ఉంటే మానేశామని చెప్పండి, డబ్బు లేక మానేశామని కూడా చెప్పండి. షుగరు, బీపీ ఉన్నవారు ఏడాదికోసారైనా క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు అడిగి చేయించుకోండి. నా దగ్గరకే రావాలని లేదు. మీ ఊరి పీహెచ్‌సీ డాక్టరైనా సరే, ఈ వారంలోనే ఆ సంచి పట్టుకుని వెళ్ళండి.