మీ పేరును ఎవరో పట్టుకుపోతున్నారట!



ఈ వేళ మనం ముచ్చటించుకోబోయేది ఒక ఉత్తరం గురించి. పోస్టుమాన్ తెచ్చే ఉత్తరం కాదు, ఫోనులోకి వచ్చి పడే ఈ-మెయిల్. "ఆ ఇంగ్లీషు ఉత్తరాల గొడవ మాకెందుకమ్మా" అని రేడియో కట్టేయకండి. మన నిజామాబాదులో ఏ వీధికి వెళ్ళినా ఇంట్లోనే పసుపు పట్టించి పొట్లాలు కట్టేవారో, సకినాలు, గరిజెలు చేసి అమ్మేవారో, మగ్గం పని జాకెట్లు కుట్టేవారో ఒకరైనా కనిపిస్తారు. వారిలో కొందరు కొడుకు చేతనో, మరిది చేతనో ఒక వెబ్‌సైట్ కూడా పెట్టించుకున్నారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మన ఊళ్ళోనే మొదలయ్యాక, పసుపు అమ్మేవారిలో ఈ ఉత్సాహం మరి కాస్త పెరిగిందనే నాకు అనిపిస్తుంది. వెబ్‌సైట్ ఉన్న ఇంటికి నేను చెప్పే ఉత్తరం నేడో రేపో రాక మానదు.

ముందుగా ఒక్క మాట. వెబ్‌సైట్‌కు ఒక పేరు ఉంటుంది గదా, ఫలానా డాట్ కామ్ అనో, ఫలానా డాట్ ఇన్ అనో. దాన్ని డొమైన్ నేమ్ అంటారు. దాన్ని కొనుక్కున్నాం అనుకుంటాం గాని, నిజానికి అది కౌలు వంటిది. ఏడాదికో, రెండేళ్ళకో రుసుము కట్టి నిలుపుకోవాలి. ఆ రుసుము కట్టించుకునే సంస్థ పేరు రిజిస్ట్రార్. డాట్ ఇన్ పేర్ల మీద పెత్తనం మన దేశపు నిక్సి అనే సంస్థది. డాట్ కామ్ వంటి పేర్లు అమ్మే రిజిస్ట్రార్లకు నియమాలు పెట్టేది ఐకాన్ అనే అంతర్జాతీయ సంస్థ. మామూలు పేరుకు ఏడాదికి అయ్యే ఖర్చు వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఈ లెక్క గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

మా వీధిలో ఒకామె తొక్కులు చేసి అమ్ముతుంది. పోయిన ఎండాకాలం ఫోను పట్టుకుని గాబరాగా మా ఇంటికి వచ్చింది. "వదినా, గిదేందో జూడు. నా దుకాణం పేరు చైనాల ఎవలో రాయించుకుంటున్నరంట. ఏడు దినాలల్ల జవాబు ఇయ్యకుంటే వాళ్ళకే ఇచ్చేస్తరంట!" అంది.

ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. "మేము చైనాలో డొమైన్ పేర్లు నమోదు చేసే సంస్థ వారము. మీ పేరుతో డాట్ సీఎన్, డాట్ ఏషియా మొదలైనవి కావాలని ఒక కంపెనీ వారు దరఖాస్తు పెట్టారు. వారు మీ భాగస్వాములా? కాకపోతే వెంటనే తెలియజేయండి" అని. గమనించండి, ఎక్కడా పైసలు అడగలేదు. మనకు మేలు చేయబోతున్నట్టే ఉంది. అందువల్లనే చదివినవారు నమ్ముతారు.

ఇది మనూరి ఉత్తరం కాదు. దాదాపు ఇరవై ఏళ్ళుగా ఇదే మాట, కంపెనీ పేరు మాత్రం మార్చుకుని, దేశదేశాల చిన్న వ్యాపారులకు చేరుతోంది. జవాబు రాస్తే ఏమవుతుందంటే, రెండో రోజున "మేమెంత చెప్పినా ఆ కంపెనీ వారు వినడం లేదు, మీకు ముందు హక్కు ఇస్తాం, మీరే రాయించుకోండి" అని వస్తుంది. ఆ తరువాత ఒక పట్టీ వస్తుంది. డాట్ సీఎన్‌కు ఇంత, డాట్ హెచ్‌కేకు ఇంత, అన్నీ కలిపి మామూలు ధరకు ఎన్నో రెట్లు. దరఖాస్తు పెట్టిన ఆ కంపెనీ అసలు ఉండనే ఉండదు.

దీన్ని పట్టుకోవడానికి ఇంగ్లీషు పాండిత్యం అక్కర్లేదు. డొమైన్ పేర్ల పద్ధతి తెలిస్తే చాలు. ముందు వచ్చినవారికి ముందు ఇస్తారు. రుసుము కడితే నాలుగు నిమిషాల్లో పేరు నమోదైపోతుంది. మన సినిమా టికెట్టు ఇచ్చే ముందు బుకింగ్ గుమాస్తా ఊళ్ళో అందరి ఇళ్ళకూ వెళ్ళి "మీకు కావాలా" అని అడుగుతాడా? రిజిస్ట్రార్ కూడా అంతే. అట్లా అడిగి తిరిగే పని అతనికి లేదు. పోనీ, ఎవరో నిజంగానే చైనాలో ఆ పేరు రాయించుకున్నారనుకుందాం. ఖలీల్‌వాడిలోనో, ఆర్మూరులోనో మామిడి తొక్కు కొనేవారు దాని వల్ల మానేస్తారా? పెద్ద పెద్ద ట్రేడ్‌మార్కులు ఉన్నవారికైతే తగవు తీర్చే పద్ధతులు వేరే ఉన్నాయి. డాట్ కామ్ వంటి వాటికి 1999 నుంచీ, మన డాట్ ఇన్‌కు 2005 నుంచీ ఆ ఏర్పాటు ఉంది. భయపడి పది దేశాల పేర్లు కొనడం పద్ధతి కాదు.

"మరి నా పేరు, నా దుకాణం పేరు వాళ్ళకెట్ల ఎరుక?" అని అడిగిందామె. మంచి ప్రశ్న. చాలామంది మోసపోయేది ఇక్కడే. మన వివరాలు ఉత్తరంలో సరిగ్గా ఉంటే, రాసినవాడు అధికారే అయి ఉంటాడనుకుంటాం. కాని ఏ పేరు ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉంది, గడువు ఎప్పుడు తీరుతుంది అన్నది ఎవరైనా చూడవచ్చు. హూయిజ్ అని దానికొక బహిరంగ పట్టిక ఉంది. యజమాని పేరు, చిరునామా కూడా ఒకప్పుడు అందులోనే కనిపించేవి. 2018లో యూరప్ చట్టం వచ్చాక చాలా మటుకు దాచేశారు. అయినా ఏం లాభం? మన ఫోను నంబరు, ఈ-మెయిల్ మన వెబ్‌సైట్ మీద మనమే వేసుకున్నాం గదా, గిరాకీ రావాలని!

రెండో రకం ఉత్తరం బిల్లు వేషంలో వస్తుంది. "మీ పేరు గడువు తీరబోతోంది, వెంటనే కట్టండి" అని. గడువు తేదీ కూడా నిజమే ఉంటుంది. కాని పంపినది మన రిజిస్ట్రార్ కాదు, వేరొకరు. కట్టామో, మన పేరు అక్కడి నుంచి వీరి దగ్గరకు మారిపోతుంది, అదీ ఎక్కువ ధరకు. డొమైన్ రిజిస్ట్రీ ఆఫ్ అమెరికా అన్న సంస్థ కాగితం మీదే ఇట్లాంటి నోటీసులు పంపేది. 2003లో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద కోర్టుకు వెళ్ళింది. అప్పటికీ ఆగలేదు. 2014లో ఆ పేరుతో పని చేయించుకుంటున్న రిజిస్ట్రార్‌ను ఐకాన్ మూడు నెలల పాటు కొత్త పేర్లు నమోదు చేయకుండా నిలిపివేసింది. ఇట్లాంటి కాగితాల్లో అడుగున చీమ తలకాయంత అక్షరాలతో "ఇది బిల్లు కాదు" అని కూడా రాస్తుంటారు. రేపు ఎవరైనా నిలదీస్తే చూపించుకోవడానికి.

"గూగుల్‌లో మీ పేరు నమోదు చేస్తాం, లేకుంటే కనిపించకుండా పోతారు" అనేది మూడోది. గూగుల్‌లో కనిపించడానికి గూగుల్ రుసుము అడగదు. ప్రకటనలు వేసుకోవడం వేరే సంగతి. కనుక దీన్ని తుడిచేయండి.

మరి ఏది నమ్మాలి? నా పుట్టినిల్లు బోధన్ పక్కన పల్లె. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో (2015లో మూతపడింది పాపం) మా నాన్నగారు చెరకు వేసేవారు. చెరకు కొట్టే పర్మిట్ సంగతి ఫ్యాక్టరీ ఫీల్డ్‌మ్యాన్ చూసేవాడు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు సైకిలు దిగి "మీ పర్మిట్ రద్దవుతోంది, ఇంత ఇస్తే చూస్తా" అంటే, మా నాన్నగారు వాడితో వాదన పెట్టుకునేవారు కాదు. "సరే" అని పంపించి, తిన్నగా ఫీల్డ్‌మ్యాన్ దగ్గరకు వెళ్ళి కనుక్కునేవారు. ఇక్కడా అంతే. ఉత్తరాన్ని పరీక్షిస్తూ కూర్చోకండి. దానిలోని లింకు నొక్కకుండా, మీ రిజిస్ట్రార్ వెబ్‌సైట్‌ను మీరే తెరిచి, మీ ఖాతాలో చూడండి. కట్టవలసింది ఉంటే అక్కడ కనిపిస్తుంది. పంపినవారి చిరునామా చూస్తే చాలదా అంటారేమో. చూడండి, ఎట్ గుర్తు తరువాతి మాట మీ రిజిస్ట్రార్‌దేనా అని. కాని దాన్ని కూడా వేషం వేయించవచ్చు, కాబట్టి అదొక్కటే ఆధారం కారాదు. ఈ బాధ పడలేకనే 2025లో రిజర్వు బ్యాంకు మన బ్యాంకులన్నిటికీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేకమైన చివరి పేరు పెట్టింది. దాన్ని ఇచ్చేది హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ ఒక్కటే. మన తొక్కుల దుకాణాలకు అంత ఏర్పాటు లేదు మరి!

అయితే అన్ని ఉత్తరాలనూ చెత్తలో వేయడం కూడా ప్రమాదమే సుమా. డాట్ కామ్ వంటి పేరు కొత్తగా తీసుకున్నప్పుడు, మీ ఈ-మెయిల్ నిజమైనదేనా అని రిజిస్ట్రార్ అడుగుతాడు. పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వకపోతే వెబ్‌సైట్ ఆగిపోవచ్చు. గడువుకు సుమారు నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి గుర్తు చేసే ఉత్తరాలు రావాలన్నది ఐకాన్ నియమం. వివరాలు సరిగ్గా ఉన్నాయా అని ఏడాదికోసారి మరొకటి వస్తుంది, అది పైసా అడగదు.

ఇప్పుడు మా వీధి ఆమె దగ్గరకు వద్దాం. చైనా ఉత్తరానికి జవాబు రాయవద్దని చెప్పాను. "సరే గాని, నీ రిజిస్ట్రార్ ఎవరు?" అని అడిగాను. తెలియదు. వెబ్‌సైట్ పెట్టింది ఆమె చెల్లెలి కొడుకు. ఆ అబ్బాయి రెండేళ్ళ కిందట దుబాయి వెళ్ళిపోయాడు. ఫోను చేసి అడిగితే, పేరు రాయించింది తన పాత ఈ-మెయిల్‌తో, అది తెరిచి ఏడాది దాటిందట! గడువు చూస్తే దసరాకు. దొంగ ఉత్తరాలు ఆమెకు వస్తున్నాయి, ఎందుకంటే ఆమె ఈ-మెయిల్ వెబ్‌సైట్ మీద ఉంది. అసలు ఉత్తరాలు దుబాయికి పోతున్నాయి, ఎందుకంటే రిజిస్ట్రార్ దగ్గర ఉన్నది ఆ అబ్బాయి ఈ-మెయిల్. ఆమె భయపడినది చైనా వారికి. పేరు పోయేదేమో ఇంట్లోవారి మరపు వల్ల.

అబ్బాయి చేతనే పాత ఈ-మెయిల్ తెరిపించి, ఖాతాలో ఆమె పేరు, ఆమె నంబరు వేయించడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. మీ ఇంట్లోనూ ఈ పని ఈ వారమే చేయండి. గ్యాసు పుస్తకం, ఇంటి పన్ను రసీదు ఎక్కడున్నాయో మనకు తెలుసు. వాటి పక్కనే ఒక నోటుపుస్తకంలో రిజిస్ట్రార్ పేరు, ఏ ఈ-మెయిల్‌తో రాయించారో, గడువు తేదీ రాసి పెట్టుకోండి. పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయకండి. రిజిస్ట్రార్ ఎవరో తెలియకపోతే లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్ అనే పేజీలో మీ పేరు కొడితే కనిపిస్తుంది. ఒకవేళ గడువు దాటినా గుండె జారవిడువకండి. డాట్ కామ్ వంటి పేర్లకు తుడిచేశాక కూడా ముప్ఫై రోజుల పాటు వెనక్కు తెచ్చుకునే వీలుంది, కాకపోతే అదనంగా బాగానే కట్టాలి.

ఇప్పటికే ఎవరైనా అట్లాంటి ఉత్తరాన్ని నమ్మి పైసలు పంపి ఉంటే, ఇంట్లో ఏమంటారో అని దాచిపెట్టకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు రాయవచ్చు. ఎంత తొందరగా చెబితే, సొమ్ము బ్యాంకులో ఆపించడానికి అంత వీలుంటుంది. ఫోను చేసేటప్పుడు సొమ్ము పంపిన రసీదు నంబరు, తేదీ, వేళ దగ్గర పెట్టుకోండి. ఆ ఉత్తరాన్ని తుడిచేయకండి.