అడవి చదువు ఎవరి కోసం?

(రాజమండ్రిలో విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మేం గోదావరి ఎగువ నుంచి వచ్చినవాళ్లం. నీళ్లు, నిధులు, నియామకాలు అంటూ రోడ్డెక్కినవాళ్లం. 2014లో రాష్ట్రం వేరైంది. మీకూ మాకూ తేలాల్సిన లెక్కలు ఇంకా ఉన్నాయి. వాటి సంగతి మరో రోజు చూద్దాం. ఇవ్వాళ అడవి చదువు గురించి మాట్లాడుకుందాం. అది ఇద్దరికీ కావలసిన చదువు.

ఈ చదువు మన దేశంలో ఎట్లా మొదలైంది? 1878లో తెల్లదొరలు అడవి చట్టం తెచ్చారు. ఆ ఏడే డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ స్కూలు పెట్టారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దుంగకు ఎన్ని ఘనపుటడుగులో ఆ స్కూలు నేర్పింది. ఆ చెట్టు కింద బతికే కోయ, కొండరెడ్డి కుటుంబానికి ఏం మిగులుతుందో నేర్పలేదు. పోడు మీద ఆంక్షలు, రోడ్ల పనిలో వెట్టి భరించలేకనే 1922లో మన్యం జనం అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. అడవిని కొలిచే చదువు ఒకరిది, అడవిలో బతుకు ఇంకొకరిది కావడమే ఆ తగాదాకు మూలం.

ఆ తగాదా తీరిందా? 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. హక్కులు తేల్చే ప్రక్రియ గ్రామసభ నుంచే మొదలు కావాలన్నది. అయినా 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు గొడవలో ఒక ఫారెస్ట్ రేంజ్ అధికారి హత్యకు గురయ్యాడు. చనిపోయింది డ్యూటీ చేస్తున్న ఉద్యోగి. అటువైపున్నది పొట్టకూటికి వలస వచ్చిన గుత్తికోయలు. హత్యను ఎవరూ సమర్థించలేరు. కానీ చట్టం, చెట్టు, మనిషి మూడూ తెలిసినవాడు మధ్యలో నిలబడి మాట్లాడాలి కదా! అట్లాంటివాణ్ణి తయారుచేసేదే విశ్వవిద్యాలయం చదువు.

డెల్టాలో ఉన్న మాకు అడవితో ఏం పని అని మీరు అడగవచ్చు. ఎగువన కొండల మీద చెట్టు పోతే మట్టి నిలవదు. వాన నీరు ఇంకదు, వరద ఒక్కసారిగా మీద పడుతుంది. దిగువన కోరింగ మడ అడవులున్నాయి. 1978లో వాటిని అభయారణ్యంగా ప్రకటించారు. 1839 తుఫానులో కోరింగ రేవు తుడిచిపెట్టుకుపోయింది. 1996 నవంబరు తుఫాను కోనసీమను ఎట్లా కూల్చిందో మీ ఇళ్లలో పెద్దలను అడగండి. మడ చెట్ల వేళ్లు అలల జోరు తగ్గిస్తాయి. చేపకూ రొయ్యకూ పీతకూ పిల్లల్ని పెంచుకునే చోటవుతాయి. మడ అడవి పోతే మొదట పస్తులుండేది వేటకు వెళ్లే మత్స్యకారుడు.

రైతుల సంగతీ చూడండి. సరుగుడు, సుబాబుల్ వేసి రాజమండ్రి కాగితం మిల్లుకు అమ్ముకునేవాళ్లున్నారు. కడియం నర్సరీల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. పోలవరం ఎత్తు 45.72 మీటర్లని అందరం వల్లె వేస్తాం. ఆ నీళ్ల కిందికి పోయే చెట్టు, దుంప, మందు మొక్క పేర్లు మనలో ఎంతమందిమి చెప్పగలం?

విభజనలో దూలపల్లి ఫారెస్ట్ అకాడమీ తెలంగాణకు వచ్చింది. మీకు ఇక్కడ దివాన్‌చెరువులో అకాడమీ ఏర్పడింది. మంచిదే. కానీ శిక్షణ వేరు, చదువు వేరు. ఇచ్చిన ఉత్తర్వును ఎట్లా అమలు చేయాలో శిక్షణ నేర్పుతుంది. ఆ ఉత్తర్వు సరైనదేనా అని అడగడం చదువు నేర్పుతుంది.

మా దగ్గర సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న ఫారెస్ట్ కాలేజీ 2016లో మొదలైంది. నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ అందులో చెబుతారు. అటవీ విశ్వవిద్యాలయం బిల్లును శాసనసభ 2022లో ఆమోదించింది. అంతటితో అయిపోయిందని మేం చంకలు గుద్దుకోవడం లేదు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్ష ఇంజనీరింగ్, గణితం, భౌతికశాస్త్రం చదివినవాళ్లూ రాయవచ్చు. రాయనీయండి, మేం వద్దనడం లేదు. కానీ నాలుగేళ్లు అడవినే చదివిన పిల్లకు ప్రత్యేకంగా తలుపు తెరిచి ఉంచాలా వద్దా? కాలేజీ పెట్టడం సగం పని. నియామకం మిగతా సగం.

అందుకే మా మాట సూటిగా చెబుతున్నాం. డెల్టాలో వ్యవసాయానికి, తోటల పెంపకానికి ఉన్నంత పెద్దపీట అడవి చదువుకూ కావాలి. రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006 నుంచి ఉంది, వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. వాటి తలుపు తట్టండి. సీట్లలో, హాస్టళ్లలో ఏజెన్సీ పిల్లలకు ముందు చోటు అడగండి. తరగతి సగం కోరింగ బురదలో, మారేడుమిల్లి కొండల్లో జరగాలని అడగండి. పాఠాలు తెలుగులోనూ కావాలనండి. గ్రామసభలో కూర్చోవడం కూడా సిలబస్‌లో భాగం కావాలనండి. ఖాళీలు నింపే నోటిఫికేషన్ల కోసం కలిసి కొట్లాడండి.

మిత్రులారా, వనరులు మావే అని నినాదం ఇవ్వడం తేలిక. వాటిని కొలవడం, కాపాడడం, పంచుకోవడం నేర్చుకున్నవాడి చేతిలోనే అవి నిలుస్తాయి. కోయ గూడెం పిల్ల రేంజ్ అధికారిగా తన ఊరికి తిరిగి వచ్చిన రోజు ఆ నినాదానికి అర్థం వస్తుంది. ఆ రోజు కోసం గోదావరికి ఎగువన మేం అడుగుతాం, దిగువన మీరు అడగండి.