పెట్టె వెనక ఉన్న అంకె



బతుకమ్మ పండుగ వచ్చినా, పెండ్లి వచ్చినా, సంఘం మీటింగు పెట్టినా మైకు కావాలి. పాట పెట్టె కావాలి. కిరాయి పైసలు లెక్కపెట్టి ఇచ్చేది ఆడవాళ్లే. తీగలు కలిపేటప్పుడు మాత్రం దూరం జరుగుతారు. "అది మొగపిల్లల పని" అంటారు. అంకెలు చదవడం వచ్చినవాళ్లు దూరం జరగవలసిన పని లేదు. ఈ రోజు మాట గిటారు పెట్టె గురించి. ఇది తెలిస్తే మైకు సెట్టు కూడా సగం తెలిసినట్టే.

వికారాబాదుకు మెథడిస్టు మిషను వచ్చి నూరేండ్లు దాటింది. ఇప్పుడు చర్చి పాటల్లో డోలు, తబలాతో పాటు గిటారు కూడా వినిపిస్తుంది. కరెంటు గిటారు తనంతట తాను గట్టిగా మోగదు. దానికి ఒక పెట్టె కావాలి. ఆ పెట్టెలో రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి ఆంప్లిఫైయరు. అంటే చిన్న చప్పుడును పెద్దది చేసే యంత్రం. రెండోది స్పీకరు. అది చప్పుడును బయటికి పంపుతుంది. రెండూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని కాంబో అంటారు.

గదిలో పాడుకోవడానికి ఈ ఒక్క పెట్టె చాలు. క్రిస్మస్ నాడు జనం పెరిగి, బయట పందిరి వేస్తే చాలదు. అప్పుడు ఇంకొక స్పీకరు పెట్టె తెచ్చి దీనికి కలుపుతారు. చిక్కు వచ్చేది ఇక్కడే.

ఆ పెట్టెను వెనక్కి తిప్పి చూడండి. ఒక అంకె కనిపిస్తుంది. 4 గాని, 8 గాని, 16 గాని ఉంటుంది. పక్కన గుర్రపు నాడా లాంటి గుర్తు ఉంటుంది. ఆ గుర్తును ఓమ్ అని చదవాలి. ఇది దేవుని ఓంకారం కాదు. జర్మనీ దేశంలో గెయోర్గ్ ఓమ్ అనే పంతులు ఉండేవాడు. ఆయన తండ్రి తాళాలు చేసేవాడు. తండ్రి తనంతట తానే చదువుకున్నాడు. కొడుకులకు ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆ కొడుకు 1827లో కరెంటు లెక్కను పుస్తకంగా అచ్చు వేయించాడు. కరెంటుకు ఎంత అడ్డు ఉందో చెప్పే కొలతకు ఆయన పేరే పెట్టారు.

అంకె పెద్దదైతే అడ్డు ఎక్కువ. కరెంటు తక్కువ పోతుంది. అంకె చిన్నదైతే అడ్డు తక్కువ. కరెంటు ఎక్కువ పోతుంది.

చెరువుకు ఒక తూము తెరిస్తే కొంత నీరు పోతుంది. పక్కనే అంతే తూము ఇంకొకటి తెరిస్తే రెండింతలు పోతుంది. స్పీకర్లు కూడా అంతే. 8 ఓమ్‌ల స్పీకరుకు పక్కపక్కన మరో 8 ఓమ్‌ల స్పీకరు కలిపితే 16 కాదు, 4 అవుతుంది. కూడికలు నేర్చినవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది. ఒక స్పీకరు చివర ఇంకొకటి వరుసగా కలిపితేనే 16. కాంబో వెనక రంధ్రంలో మామూలుగా కలిసేది పక్కపక్కనే.

ఆంప్లిఫైయరు వెనక కూడా అంకె ఉంటుంది. 4 వరకు తట్టుకుంటుంది అని ఉంటే రెండు స్పీకర్లు సరే. 8కి తగ్గొద్దు అని ఉంటే కలపకండి. యంత్రం తన బలానికి మించి కరెంటు ఇచ్చి వేడెక్కుతుంది. కాలిపోవచ్చు. అది కిరాయి సెట్టయితే దండుగ కట్టేది సంఘమే. కొన్ని కాంబోల్లో బయటి పెట్టె తగిలించగానే లోపలి స్పీకరు ఆగిపోతుంది. అప్పుడు బయటి పెట్టె అంకె ఒక్కటే చూస్తే చాలు. రాత ఇంగ్లీషులో ఉంటే బడికి పోయే పిల్లతో చదివించండి. అంకెలు మీరే చూడండి.

"చిన్నమ్మా, రెండు తీగలే గదా. ఎట్ల పెడితే ఏమైతది?" అంటాడు తీగలు కలిపే పిల్లగాడు.

"ఏమైతదో ఆ అంకె చెప్తది బిడ్డా. ముందు అది సదువు" అనండి.

వాట్ల అంకె కూడా చూడాలి. ఆంప్లిఫైయరు 50 వాట్లయితే, పెట్టె 50 గాని అంతకు ఎక్కువ గాని ఉండాలి.

ఇక తీగ. గిటారు తీగ, స్పీకరు తీగ పైకి ఒక్క తీరే కనిపిస్తాయి. ప్లగ్గు కూడా ఒక్క తీరే. లోపల వేరు. గిటారు తీగలో సన్నని పోగు, చుట్టూ జాలి ఉంటుంది. స్పీకరు తీగలో రెండు లావు పోగులు ఉంటాయి. స్పీకరుకు గిటారు తీగ పెడితే అది వేడెక్కుతుంది. గాజు బుడ్డీలు ఉండే వాల్వు యంత్రాన్ని స్పీకరు తగిలించకుండా అసలు వేయొద్దు. లోపలి ట్రాన్స్‌ఫార్మరు చెడిపోతుంది. హారన్లు కట్టే పెద్ద మైకు సెట్టులో 100 వోల్టుల బిగింపు కూడా ఉంటుంది. మామూలు పెట్టెను దానికి కలపకండి. చేయి పెట్టకండి.

యంత్రం పోతే పైసలే పోతాయి. షాకు కొడితే మనిషే పోవచ్చు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో లెస్లీ హార్వే అనే గిటారు కళాకారుడు మైకు ముట్టుకున్నాడు. ఎర్తు సరిగా లేదు. వేదిక మీదనే షాకు కొట్టి చనిపోయాడు. గిటారు తీగలు లోపల యంత్రానికి కలిసి ఉంటాయి. ఎర్తు లేకపోతే, ఒక చేయి గిటారు మీద, పెదవి మైకు మీద ఉన్న మనిషిలోంచి కరెంటు పోవచ్చు. తాండూరు బండలు పరిచిన వాకిలి కడిగి తడిగా ఉంటే, చెప్పులు లేని కాళ్లకు ఇంకా ప్రమాదం. మూడు పుల్లల ప్లగ్గే పెట్టించండి. లావు పుల్ల ఎర్తు. దాన్ని విరిచి రెండు పుల్లలతో పెడతామంటే ఒప్పుకోవద్దు.

బయట మైకు పెట్టాలంటే ముందు అధికారుల అనుమతి కాగితం తీసుకోవాలి. 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు మోగకూడదు. పండుగలకు కొద్ది రోజులు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు.

కలిపేటప్పుడు ముందు స్విచ్చి ఆపండి. ప్లగ్గు తీయండి. చప్పుడు బిరడాను సున్నాకు తిప్పండి. స్పీకరు తీగ రెండు కొసలూ గట్టిగా పెట్టండి. తర్వాతే కరెంటు వేయండి. చప్పుడు మెల్లగా పెంచండి. పని అయినాక అదే తీరుగా ఆపి తీయండి. తీగను పట్టి లాగొద్దు. ప్లగ్గును పట్టి తీయండి.