పూజారి లేని కోవెల

(శ్రీకాకుళమునం దొక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగము)



కళింగసీమ ప్రాచీన వైభవమును గుఱించి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరితిరి. వైభవమును వర్ణించుట సులభము. చప్పట్లకును కొదవ యుండదు. కాని నేను నేడు శిథిలములను గుఱించియే మాటలాడ దలచితిని. గడచిన శీతకాలమున శాలిహుండము కొండ నెక్కి, అచ్చట నేనొక తప్పు చేసితిని. అది నేటికిని నా మనస్సున ముల్లువలె నున్నది. దానిని మీ యెదుట చెప్పుకొనుటయే యీ ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

శాలిహుండము మనకు దూరము కాదు. గార మండలమున, వంశధార దక్షిణపు టొడ్డున, కళింగపట్టణమునకు చేరువనున్న చిన్న యూరు. మెట్లెక్కి కొండపైకి పోయినచో క్రింద ఏఱు, ఇసుక తిన్నెలు, పచ్చని చేలు, వాని కావల సముద్రము కానవచ్చును. కొండమీద ఇటుక స్తూపముల పీఠములు, చైత్యగృహముల గోడలు, చక్రాకారముగ పేర్చిన పునాదులు నిలిచి యున్నవి. క్రీస్తు పుట్టుటకు ముందే యచ్చట బౌద్ధ భిక్షువులు నివసించిరి. వేయి యేండ్లకు పైగా ఆ కొండపై ఆరాధన సాగినది. త్రవ్వకములలో ధాతుకరండములు దొరకినవి. తారా, మారీచీ మొదలగు దేవతల విగ్రహములును వెలువడినవి. కాలముతో మతము మాఱినను కొండ మాఱలేదు. పిమ్మట నొకనాడు దీపము పెట్టువారును లేకపోయిరి. మన్ను కప్పినది, తుప్పలు మొలచినవి, జనులు మఱచిరి.

1919లో ఆ మఱపును తొలగించినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వంశధార యొడ్డుననే, శ్రీముఖలింగమునకు దాపున నున్న పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, ముఖలింగ దేవాలయ శాసనములను స్వయంకృషితో చదువ నేర్చిన మహనీయుడాయన. శాలిహుండ శిథిలములను ఆయన లోకమునకు ఎఱుకపఱచిన పిదప పురావస్తు శాఖవారు పలుమాఱులు త్రవ్వకములు జరిపిరి. వ్యవహార భాషకొఱకు జీవితమంతయు పోరాడిన ఆ పెద్దను నేనిట్లు గ్రాంథికమున స్మరించుట చూచి ఆయన యాత్మ నవ్వుకొని క్షమించుగాక!

ఇక నా తప్పు. స్తూపముచుట్టు తిరిగి దిగివచ్చుచుండగా దారిప్రక్కన నల్లని పెంకు ముక్కయొకటి కనబడినది. ఎవ్వరును చూచుట లేదనుకొని, జ్ఞాపకార్థము జేబులో వేసికొంటిని. మేకలను తోలుకొని వచ్చిన ముదుసలి యొకడు నన్ను చూచెను. కోపపడలేదు. "బాబూ, అదిక్కడిదండి. ఒక్కొక్కలూ ఒక్కోటి అట్టుకెళిపోతే కొండమీద ఏటుంటాది?" అనెను. నేను చదువుకొన్నవాడను, అతడు అక్షరము నేర్చెనో లేదో. అయినను ఆనాడు ఆ కొండకు యజమాని అతడు, దొంగను నేను. పెంకును తీసినచోటనే పెట్టి, తలవంచుకొని దిగివచ్చితిని.

దారిపొడవున నొకటే యాలోచన. ముఖలింగమున మధుకేశ్వరునకు నేటికిని అభిషేకము జరుగుచున్నది. ఆ గుడికి భక్తులే కావలి. విజయనగరమునకు దాపున రామతీర్థమున కొండక్రింద రామచంద్రుని కొలుచువారు వేలకొలది వత్తురు. కొండలపైని బౌద్ధ జైన శిథిలముల కడకు ఎక్కువారు మాత్రము కొలదిమంది. కొలుచువారున్న కోవెలను భక్తి కాపాడును. కొలుచువారు లేని కోవెలకు పూజారి యెవడు?

దేశాంతరముల వంక చూడుడు. లెబనానులోని బాల్‌బెక్ నగరమున రోమనులు బృహస్పతికి కట్టిన మహాలయమొకటి కలదు. చుట్టును నిలిపిన స్తంభములు 54. ఒక్కొక్కటి యెత్తున సుమారు 65 అడుగులు. 1759 భూకంపమునకు ముందు తొమ్మిది నిలిచి యుండెను. నేడు మిగిలినవి ఆఱు. ఆ దేశమున ముస్లిములు, క్రైస్తవులు నివసింతురే కాని, రోమనుల బృహస్పతిని కొలుచువా డొక్కడును లేడు. అయినను ఆ యాఱు స్తంభములు మావని వారు గర్వింతురు. 1984లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. 2024లో ఆ నగరముపై బాంబులు పడుచున్నవేళ, నవంబరు మాసమున, లెబనానులోని 34 సాంస్కృతిక స్థలములకు విశేష రక్షణ నొసగినపుడు వానిలో బాల్‌బెక్కును నొకటి. దేవుడు పోయిన గుడికి మనుష్యులు కాపరులైరి.

మనకును చట్టము లేకపోలేదు. 1958నాటి పురాతన కట్టడముల చట్టమును 2010లో సవరించి, కేంద్రము రక్షించు కట్టడముచుట్టు 100 మీటర్ల మేర నూతన నిర్మాణములను నిషేధించిరి. ఆపై 200 మీటర్ల మేర అనుమతి కావలెననిరి. కాని చట్టము కంచె వేయగలదే కాని, జేబులోనికి పోవు పెంకు ముక్కను చూడజాలదు. పునాది యిటుకను పెరికి గోడకు పెట్టుకొనువానిని, స్తూపముపై తన పేరు చెక్కువానిని ప్రతి దినము పట్టుకొనుటకు ఎందఱు జవానులు చాలుదురు?

బౌద్ధము మన మతము కాదుగదా యని కొందఱందురు. ఆ యిటుకలను కాల్చినవారు, మోసినవారు, పేర్చినవారు ఏ దేశమునుండి వచ్చిరి? ఈ వంశధార నీరు త్రాగినవారే కదా! వారు కొలిచిన దేవుని మనము కొలువకపోవచ్చును. వారి కష్టమునకు వారసులము కామని చెప్పుటకు మనకు నోరెట్లాడును? తాత వ్రాసిన దస్తావేజు చదువరాలేదని దానిని పొయ్యిలో పెట్టు మనుమడుండునా?

కావున నాకోరిక స్వల్పము. నిధులు పోగుచేయుమనను, సంఘములు పెట్టుమనను. ఈ గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలను ఏటికొక్కసారి ఆ కొండకు తీసికొనిపొండు. అచ్చటి ప్రదర్శనశాలలోని విగ్రహములను చూపి, అవి యేవో చెప్పుడు. వట్టిచేతులతో ఎక్కి, వట్టిచేతులతో దిగుట నేర్పుడు. మీ యింట నెవరైన నాబోటివారు తెచ్చిన ఇటుకయో పెంకో యున్నచో ప్రదర్శనశాలవారికి అప్పగింపుడు.

ఆ ముదుసలి పేరడుగుట నేను మఱచితిని. అది నా రెండవ తప్పు. కాని పూజారి లేని ఆ కోవెలకు పూజారి యెవడని యెవరైన నడిగినచో, చూపుటకు నాకొక మనుష్యుడు కలడు. అతనికి తోడుగా మీలో పదిమంది నిలిచినచో నా తప్పునకు కొంత ప్రాయశ్చిత్తమైనదని తలంతును.