మైకు ముందు మాట: రేడియో నుండి వెండితెరకు

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల సమావేశమున సినిమా నటుని గురించి ప్రసంగమేమిటని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. బాటలు, మంచినీరు, ఇంటిపన్నుల వసూలు మొదలగు విషయములు నాకంటె మీకే బాగుగా తెలియును. నేను చెప్పదలచినది మాటను గురించి. సభ్యుడైనవాడు ఊరివారితో మాటలాడక తప్పదు. మాటలాడుట నేర్పిన మంచి బడి యొకటి మన దేశమున కలదు. అది రేడియో. ఆ బడిలో సుమారు ఇరువది ఏండ్లు పనిచేసి, పిమ్మట నటులైన గొల్లపూడి మారుతీరావుగారి వృత్తాంతము మీకు వినిపించెదను.

ఆయన 1939వ సంవత్సరము ఏప్రిల్ 14న విజయనగరమున జన్మించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివినది గణిత భౌతిక శాస్త్రము. మనసు మాత్రము నాటకముల మీద. 1959లో ఆంధ్రప్రభ దినపత్రికలో ఉపసంపాదకులుగా చేరి, కొంతకాలమునకు ఆకాశవాణి ఉద్యోగమునకు వచ్చిరి. హైదరాబాదు, విజయవాడ, ఒరిస్సాలోని సంబల్‌పూరు, మద్రాసు, కడప కేంద్రములలో పనిచేసి, అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టరు పదవి వరకు ఎదిగిరి.

రేడియోలో పని ఎట్టిదో కొంచెము చెప్పవలెను. వినువారి ముఖము కనబడదు. చప్పట్లుండవు. ఎదుట నుండునవి గోడ, గడియారము, మైకు. పది నిమిషముల ప్రసంగము పదకొండు నిమిషములైనచో తరువాతి కార్యక్రమమునకు కోతపడును. కాగితము త్రిప్పిన చప్పుడు గాలివాన వలె వినబడును. క్షణకాలము ఎక్కువగా ఊరకున్నచో వినువారు తమ రేడియో చెడిపోయినదనుకొందురు. అన్నిటికంటె ముఖ్యమైనది, మైకు ముందు అరవరాదు. వేలమంది వినుచున్నను, పొలము గట్టు మీద ప్రక్కన కూర్చున్న ఒక్క మనిషితో చెప్పినట్లే చెప్పవలెను. మీలో పెద్దవారికి జ్ఞాపకముండును: పంచాయతీ కార్యాలయపు అరుగు మీద రేడియో పెట్టె చుట్టు పదిమంది చేరినను, అందులోని మనిషి తనతోనే మాటలాడుచున్నట్లు ప్రతివానికి తోచెడిది.

మన ఊళ్ళ నాటకములలో పద్ధతి వేరు. మైకులు లేని దినములలో చివరి వరుసవానికి వినబడవలెనన్నచో గొంతెత్తక తప్పదు. అది నటుల తప్పు కాదు. మైకు వచ్చినది గాని గొంతు తగ్గలేదు. మన సభలకును ఇదే జబ్బు పట్టినది. ఒక గ్రామసభలో ఒక సభ్యుడు మైకు పట్టుకొని జమాఖర్చులు చదువుచుండగా, వెనుక కూర్చున్న ముసలమ్మ నన్ను, "ఎవరిని తిడుతున్నాడు నాయనా?" అని అడిగినది. అంకె యొక్కటియు ఆమె చెవికెక్కలేదు.

రేడియో నుండి తెరకు వెళ్ళినవారిలో మారుతీరావుగారు మొదటివారు కారు. తెనాలి ప్రాంతమువారైన కొంగర జగ్గయ్యగారు ఢిల్లీ నుండి తెలుగు వార్తలు చదివి, 1952లో "ప్రియురాలు" చిత్రముతో నటులైరి. 1967లో ఒంగోలు నుండి లోక్‌సభకు ఎన్నికైరి. ఆయనది కంచు కంఠము. మారుతీరావుగారిది అట్టిది కాదు. మన ప్రక్క ఇంటివాని గొంతు. నా దృష్టిలో అదియే ఆయన బలము. వీరిద్దరును ఒకే చిత్రమున కలసిరి. 1964లో వచ్చిన "డాక్టర్ చక్రవర్తి"కి మారుతీరావుగారు రచనలో పాలుపంచుకొనగా జగ్గయ్యగారు నటించిరి. ఉత్తమ చిత్రముగా మొట్టమొదటి నంది బహుమతి పొందినది ఆ చిత్రమే.

రచయితగా పేరున్నను, ఆయన ముఖము ప్రజలకు తెలియదు. 1982లో కోడి రామకృష్ణగారు తమ మొదటి చిత్రమైన "ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య"లో ఆయనకు వేషమిచ్చిరి. అప్పటికి ఆయన వయస్సు 43. క్రొత్త వృత్తి మొదలుపెట్టుటకు అది తగిన వయస్సని ఎవరును అనరు. ఆ వేషము మెత్తని మాటల వెనుక చెడు తలపు దాచుకొన్న మనిషిది. గుడ్లురిమి కేకలు వేయు దుష్టులనే చూచిన ప్రేక్షకులకు, ఇట్టివాడు తమ వీధిలోనే యున్నాడు కదా యనిపించినది. ఆ పిమ్మట రెండువందలకు పైగా చిత్రములలో నటించిరి. 1987 నాటి "సంసారం ఒక చదరంగం"లో పెద్ద కుటుంబమునకు తండ్రిగా ఆయనను చూడుడు. కొడుకుతో మాట పెరిగి, ఇంటి మధ్య గీత గీచి వేరుపడు తండ్రి. భాగపరిష్కారముల తగవులు మీ యొద్దకు వచ్చుచునే యుండును గనుక ఆ తండ్రి మీకు క్రొత్తవాడు కాడు.

ఆయనకు కలిగిన దుఃఖమును చెప్పక విడుచుట న్యాయము కాదు. చిన్న కుమారుడు శ్రీనివాస్ "ప్రేమ పుస్తకం" అను తన మొదటి చిత్రమునకు దర్శకత్వము వహించుచు, 1992 ఆగస్టు 12న విశాఖ సముద్ర తీరమున అలలకు బలియైనాడు. ఆ చిత్రమును తండ్రియే పూర్తిచేసినారు. మొదటి చిత్రము తీసిన దర్శకులకు, ఏ భారతీయ భాషవారైనను, కుమారుని పేర పురస్కారము నెలకొల్పిరి. 2019 డిసెంబరు 12న ఆయన చెన్నైలో కన్నుమూసిరి.

ఆయన నాటకములలో "కళ్ళు" అనునది మీరు చదువవలెను. 1988లో అది సినిమాగా కూడ వచ్చినది. గ్రుడ్డి బిచ్చగాండ్రు కొందరు కూడబెట్టిన డబ్బుతో తమలో ఒకనికి చూపు తెప్పింతురు. చూపు వచ్చినవాడు తక్కినవారిని మరచును. పదిమంది చేతుల మీదుగా పదవి పొందిన మనమందరము ఈ కథ విని కొంచెము ఇబ్బందిగా కదలుదుము, నేనును కదలితిని. పట్టు పరదాలు, కిరీటములు అక్కరలేని నాటకమిది. మీ ఊరి యువజన సంఘమువారి చేత ఆడింపవచ్చును. ఆడించునపుడు మైకును నటుని నోటికి ఆనించి పెట్టకుడు. జానెడు దూరమైనను ఉంచి, మెల్లగా మాటలాడుమని చెప్పుడు.