దువాతో పాటు దవా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. తెలుగులో ఉపన్యాసం ఇవ్వడం మాకు అంతగా అలవాటు లేదు. అయితే మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ చదువుతున్నారు కాబట్టి వాళ్ళకు కూడా అందేటట్లు తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. తప్పులుంటే మన్నించగలరు.

ప్రతి ఏడూ ఈ వేదిక మీద చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళి ఖర్చులు తగ్గించుకోవడం గురించి చెప్పుకుంటాము. ఈసారి మనం ఎన్నడూ నోరెత్తని విషయం ఒకటి ఎత్తదలచుకున్నాము. అది మనసుకు వచ్చే జబ్బు. అందులోనూ పదమూడు నుండి పంతొమ్మిదేళ్ళ పిల్లలకు వచ్చే కుంగుబాటు, దానికీ ఇంటి వంశానికీ ఉన్న సంబంధం. ఇతరుల సంగతి చెబితే చాడీ అవుతుంది. కాబట్టి మా ఇంటి సంగతే చెబుతాము. మా ఆపా అనుమతి తీసుకునే చెబుతున్నాము.

మా నాన్నగారి అన్నగారిని మేము బడే అబ్బా అనేవాళ్ళం. మండీబజారులో చిన్న దుకాణం. మంచి మాటకారి. ఒక్కో ఏడాది ఆయనకు నిద్ర ఉండేది కాదు. రాత్రి రెండు గంటలకు లేచి లెక్కలు వేసేవారు, రైసుమిల్లు కొంటానని బయానా ఇచ్చి వచ్చేవారు, దారిన పోయేవాళ్ళకు దుకాణంలోని సరుకు పంచేవారు. రెండు నెలలు తిరిగేసరికి అదే మనిషి గోడవైపు తిరిగి పడుకుని, పిలిచినా పలికేవారు కాదు. ఇంట్లో వాళ్ళు గాలి సోకిందన్నారు. బస్తీవాళ్ళు దివాలా తీశాడన్నారు. మా నాన్నగారికి కూడా కొన్ని నెలలు మాట ఉండేది కాదు. దాన్ని మేము 'మిజాజ్' అని సరిపెట్టుకున్నాము.

1990 దాటాక ఎవరో మంచిమాట చెబితే బడే అబ్బాను డాక్టరుకు చూపించారు. మాత్రలతో మనిషి తేరుకున్నారు. దుకాణం మళ్ళీ తెరిచారు. అంతలో కూతురికి సంబంధం వచ్చింది. మగపెళ్ళివారు ఇంట్లో మాత్రలు చూస్తే ఏమనుకుంటారోనని మేమే ఆపించాము. పెళ్ళి ఘనంగా జరిగింది. నాలుగు నెలల తర్వాత ఒకరోజు ఫజర్ నమాజుకు ముందే ఆయన ఇంటినుండి వెళ్ళిపోయారు. మూడోరోజు కబురు వచ్చింది. అంతకంటే చెప్పలేము.

ఇంత జరిగినా మాకు బుద్ధి రాలేదు. కొన్నేళ్ళ క్రితం మా ఆపా కొడుకు, పదహారేళ్ళవాడు, పదో తరగతి ఉర్దూ మీడియంలో పాసై ఇంటర్ ఇంగ్లీషు మీడియంలో చేరాడు. దసరా సెలవుల నాటికి పిల్లవాడు మారిపోయాడు. తిండి తగ్గింది. చీటికిమాటికి చిరాకు. కడుపునొప్పి అని కాలేజీ ఎగ్గొట్టేవాడు. ఇంగ్లీషు రాక భయపడుతున్నాడనుకున్నాము. ఫోను లాగేసుకున్నాము. చివరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాము. ఆయన అడిగిన ప్రశ్నల్లో ఒకటి: "మీ ఇరువైపుల కుటుంబాల్లో ఎవరికైనా మనసు జబ్బు గాని, బలవన్మరణం గాని జరిగిందా?" ఆపా మా ముఖం చూసింది. మేము, నలుగురికీ చదువు చెప్పే మాస్టారు, "మా ఖాందాన్‌లో అలాంటిదేమీ లేదు డాక్టరుగారూ" అన్నాము.

ఆయన మేము చెప్పిన దాన్నిబట్టి కుంగుబాటుకు మందు రాశారు. మూడు వారాలకు పిల్లవాడు లేచి కూర్చున్నాడు, మేము సంతోషించాము. ఐదో వారానికి నిద్ర మానేశాడు. రాత్రంతా మాటలు. తాను కంపెనీ పెడతానన్నాడు. ఆపా బంగారం తాకట్టు పెట్టబోతూ దొరికాడు. అతని కళ్ళలో మేము బడే అబ్బాను చూశాము. ఆ రోజే మళ్ళీ పరుగెత్తి డాక్టరుకు అంతా విప్పి చెప్పాము. ఆయన మమ్మల్ని తిట్టలేదు. "ఈ మాట మొదటిరోజే చెప్పివుంటే దారి వేరేగా ఉండేది మాస్టారూ" అన్నారు. ఆ ఒక్క వాక్యం మీ చెవిన వేయడానికే ఈ రోజు ఇక్కడ నిలబడ్డాము.

తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నది క్లుప్తంగా మనవి చేస్తాము. ఈ జబ్బును డాక్టర్లు బైపోలార్ అంటారు. పూర్వం మానిక్ డిప్రెసివ్ అనేవారు. మనిషి కొంతకాలం ఉద్రేకంలో, కొంతకాలం కుంగుబాటులో ఉంటాడు, మధ్యలో మామూలుగా ఉంటాడు. చాలామందికి ఇది చిన్న వయసులోనే, మొదట కుంగుబాటు రూపంలోనే కనిపిస్తుంది. అప్పుడు చూసినవారికి అది ఉత్త డిప్రెషనా, బైపోలారా అని తెలియదు. తెలుసుకోవడానికి ఉన్న పెద్ద ఆధారాల్లో ఒకటి కుటుంబ చరిత్ర. ఎందుకంటే బైపోలార్ ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కొందరిలో అది ఉద్రేకం వైపు తిప్పుతుంది. అంతమాత్రాన ఆ మందులు చెడ్డవని కాదు. ఎందరినో నిలబెట్టినవి అవే. సొంతంగా ఆపకూడదు కూడా. డాక్టరుకు నిజం తెలియాలి, అంతే.

జబ్బు వంశంలో ఉంటుందా అంటే, కొంతవరకు ఉంటుంది. మామూలు జనంలో నూటికి ఒకరికి వస్తే, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్న పిల్లల్లో నూటికి ఐదు నుండి పదిమందికి రావచ్చు. అంటే తొంభై మందికి రాదు! ఈ లెక్కను పెళ్ళి సంబంధాలు చూసే పెద్దలు గుర్తుపెట్టుకోవాలి. షుగరు, బీపీ ఉన్న ఖాందాన్‌లో పిల్లనిస్తున్నాం, తెచ్చుకుంటున్నాం. దీనికి మాత్రం తలుపు ఎందుకు మూయాలి?

ఇది కొత్తగా వచ్చిన ఇంగ్లీషు జబ్బు అని కొందరంటారు. ఉర్దూ మాస్టారుగా ఒక్కమాట చెబుతాము. మన హకీములు దీన్ని మాలీఖూలియా అనేవారు. శరీరంలో 'సౌదా' అనే నల్లని పైత్యం పెరిగితే వస్తుందనుకున్నారు. మనం పిచ్చివాడిని 'సౌదాయీ' అనడం అందులోనుండే పుట్టింది. తొమ్మిది, పది శతాబ్దాల మధ్య జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ తన గ్రంథం 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్'లో, కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం కనబడకుండా శరీరంలోనుండి పుట్టే దుఃఖం వేరు అని విడదీసి చెప్పాడు. పైత్యం సిద్ధాంతం ఇప్పుడు లేదు గాని, ఆ విడదీత నేటికీ పనికివచ్చేదే. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ లిథియం అనే లవణం ఉద్రేకాన్ని తగ్గిస్తుందని రాశాడు. నేటికీ బైపోలార్‌కు ముఖ్యమైన మందుల్లో అది ఒకటి.

ఇక దర్గాల సంగతి. అక్కడికి వెళ్ళవద్దని మేము అనము. మా అమ్మీ కూడా వెళ్ళింది, మనశ్శాంతి పొందింది. కాని 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గరలో రోగులను ఉంచే పాకలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్నందున పారిపోలేక 28 మంది కాలిపోయారు. మన బిడ్డను గొలుసుకు కట్టమని ఏ ధర్మం చెప్పింది? దానికి ఎదురుగా గుజరాత్‌లోని మెహసానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ ముజావర్లే వచ్చినవారికి దువా చేసి, పక్కనే డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు 2008లో మొదలైంది. దువా, దవా అని దానికి పేరు. మనకు కావలసింది అదే దారి. ప్రవక్త యాకూబ్ (అలైహిస్సలాం) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారని మనకు తెలుసు. ఆయన ఈమాన్‌ను ఎవరూ శంకించలేదే! మరి దిగులుతో ఉన్న మన పిల్లవాడిని 'నమాజు సరిగ్గా చదవడం లేదు, అందుకే' అని ఎందుకు పొడుస్తున్నాము?

తరగతిలో మాకు కనిపించే గుర్తులు చెబుతాము. చేతిరాత పాడవుతుంది. ముందు బెంచీ పిల్లవాడు వెనక్కి పోతాడు. ఏడవడు, కసురుకుంటాడు. తలనొప్పి, కడుపునొప్పి అంటాడు. స్నేహితులను వదిలేస్తాడు. ఇలా రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించాలి. నిద్రలేకున్నా అలసట లేకుండా, మాటలు జోరుగా, డబ్బు నీళ్ళలా ఖర్చుచేస్తూ నాలుగైదు రోజులు గడిస్తే ఇంకా తొందరపడాలి. చచ్చిపోవాలని ఉందా అని పిల్లవాడిని సూటిగా, ప్రేమగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగితే భారం దిగుతుంది. ఇంట్లో పురుగుమందు, మాత్రల పెట్టె తాళంలో ఉంచండి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్దిరోజుల్లో మన రాష్ట్రంలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని ఆ తర్వాత బయటపడింది. మార్కుల కాగితం కంటే బిడ్డ గొప్ప అని ఫలితాల రోజున కాదు, ముందునుండీ చెప్పాలి.

పోలీసు కేసు అవుతుందని భయపడేవారున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించరాదు.

రంజాన్ గురించి ఒక ముఖ్యమైన హెచ్చరిక. లిథియం వాడేవారు ఎండాకాలం నీళ్ళు లేకుండా ఉంటే రక్తంలో మందు పాలు పెరిగి విషం కావచ్చు. చేతులు వణకడం, వాంతులు, నడక తూలడం దాని గుర్తులు. డాక్టరును అడగకుండా ఒంటినొప్పులకు ఐబూప్రోఫెన్ వంటి మాత్రలు కూడా వేసుకోరాదు. రోజాకు నెల ముందే డాక్టరును కలవాలి. రోగికి మినహాయింపు ఖురానే ఇచ్చింది, అది వాడుకోవడం సిగ్గు కాదు. అలాగే పెళ్ళి కావలసిన ఆడపిల్లలు వాడే మాత్రల సంగతి ముందే డాక్టరుతో మాట్లాడండి. వాల్‌ప్రోయేట్ వంటివి కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. దాచిపెట్టి ఆపడం మరీ ప్రమాదం.

సంఘానికి మా విన్నపాలు మూడు. ఒకటి, ఏడాదికి ఒకసారి మానసిక వైద్యుడిని పిలిపించి తల్లిదండ్రుల సభ పెట్టండి. రెండు, మన ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఒంటరిగా వెళ్ళలేని కుటుంబానికి తోడు వెళ్ళేందుకు ఇద్దరు సభ్యులను నియమించండి, వాళ్ళు నోరు మెదపనివారై ఉండాలి. మూడు, 14416 అనే టెలీమానస్ నంబరును సంఘ కార్యాలయం గోడ మీద రాయించండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సర్కారు సేవలో తెలుగులో, ఉచితంగా, రాత్రింబవళ్ళు మాట్లాడవచ్చు.

మా భాంజా ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. మాత్రలు వేసుకుంటున్నాడు, మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుంటున్నాడు. మొన్న మధ్యలో కొన్నాళ్ళు మళ్ళీ దిగులుపడ్డాడు, ఈసారి తానే చెప్పాడు. ఈ ప్రసంగం రాసుకుంటుంటే చూసి, "మామూ, బడే అబ్బా సంగతి తప్పక చెప్పండి" అన్నాడు. చెప్పాము. ఇళ్ళకు వెళ్ళాక మీ మీ ఖాందాన్‌లో ఇలాంటివారు ఎవరున్నారో ఒక కాగితం మీద రాసి, పిల్లల ఆసుపత్రి చీటీలతో పాటు పెట్టండి. అవసరం రాకపోతే అల్లాహ్ దయ. వస్తే, ఆ కాగితం డాక్టరు చేతికివ్వండి.