కట్టే చేతులకు నీడ ఏది?

(అరకేర కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నగరాల సమస్య గురించి అరకేరలో మాట్లాడటం ఎందుకని మీకు అనిపించవచ్చు. కానీ బెంగళూరు పెరుగుదల మన బస్టాండులోనే కనబడుతుంది. కోతలు అయ్యాక మూటలు, గిన్నెలు, చంటిపిల్లలతో బస్సెక్కే కుటుంబాలను సాగనంపేది మనమే. కన్నడలో దీన్ని ‘గుళే’ అంటారు, మన ఇళ్లలో వలస అంటాం. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న రాయచూరు జిల్లా నుంచి ఇంతమంది కూలికి పోవడం బాధాకరం. కాలువ నీళ్లు అందినవారు ఊళ్లో నిలిచారు. వాననే నమ్ముకున్నవారు, సెంటు భూమి లేనివారు బయలుదేరారు.

బెంగళూరు మహానగర జనాభా 2001లో సుమారు 57 లక్షలు, 2011 నాటికి 85 లక్షలు. ఇళ్లు, నీళ్లు, మురుగు కాలువలు ఆ వేగంతో రాలేదు. చెరువులు పూడ్చి లేఅవుట్లు వేశారు. సుమారు 100 కిలోమీటర్ల నుంచి కావేరి నీటిని ఎత్తిపోస్తున్నా, 2024 వేసవిలో బోర్లు ఎండి జనం ట్యాంకర్ల కోసం కాచుకున్నారు. ఢాకా, లాగోస్ నగరాలదీ ఇలాంటి కథే. ప్రణాళిక లేని పెరుగుదల దెబ్బ ముందుగా తగిలేది రేకుల షెడ్డులో ఉండేవారికే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు, అపార్టుమెంట్లు కట్టిన చేతులకు తలదాచుకునే చోటు లేక నడిచి ఊళ్లకు రావలసివచ్చింది.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టాలు వచ్చాయి. నిర్మాణ వ్యయంలో కనీసం 1 శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడాలి. అందుకు కార్మికుడు పేరు నమోదు చేసుకోవాలి, ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపాలి. మేస్త్రీ మారినప్పుడల్లా పని చోటు మారే మనిషికి ఆ కాగితం ఎవరు రాసిస్తారు? డబ్బు నిధిలో ఉంటుంది, మనిషి జాబితాలో ఉండడు.

యిర్మీయా 22వ అధ్యాయంలో ప్రవక్త యెహోయాకీము రాజును నిలదీశాడు. కూలి ఇవ్వకుండా పని చేయించుకుని విశాలమైన మేడ కట్టుకున్నందుకే ఆ మందలింపు. ఈ మాట బిల్డర్లకే అనుకోవద్దు. మన ప్రార్థనా మందిరాలు కట్టినవారికి పూర్తి కూలి ఇచ్చామా? ముందు మనల్ని మనం అడుగుదాం.

ఇక మనం చేయగలిగినవి చేద్దాం. వెళ్లే ప్రతి కుటుంబం పేరు, ఫోను నంబరు, మేస్త్రీ పేరు సంఘంలో రాసి ఉంచుదాం. పని చేసిన రోజులు, అందిన కూలి ఒక నోటుబుక్కులో రాసుకోవడం నేర్పుదాం. రేషను కార్డు మీద వేరే ఊళ్లో కూడా బియ్యం తీసుకోవచ్చని చెబుదాం. బడి మానిన పిల్లలను ఇక్కడే ఉంచి చదివించే బాధ్యత కొన్ని కుటుంబాలు తీసుకోవాలి. బెంగళూరులోని తెలుగు సంఘాలను వారం మధ్యలో ఖాళీగా ఉండే హాళ్లు షెడ్డు పిల్లల కోసం తెరవమని అడుగుదాం.

వచ్చే కోతల తర్వాత బస్సు మళ్లీ నిండుతుంది. అప్పటికి ఆ పుస్తకంలో మొదటి పేరు రాసి ఉండాలి. ప్రభువు మనకు ఆ శ్రద్ధను దయచేయును గాక. ఆమేన్.